ఏడో నెలలో థీమ్ పార్కుకు: అద్దె మొబిలిటీ స్కూటరుపై ఒక సమీక్ష

హైదరాబాదు కోఠిలోని ఒక సర్జికల్ షాపు నుంచి ఒక రోజుకు అద్దెకు తెచ్చుకున్న మొబిలిటీ స్కూటరు గురించి ఈ సమీక్ష. సాధారణంగా వృద్ధులు, మోకాళ్ల ఆపరేషన్ అయినవారు వాడే ఈ బ్యాటరీ బండిని నేను ఏడో నెల గర్భంతో, నగర శివార్లలోని ఒక థీమ్ పార్కులో రోజంతా వాడాను. షాపు పేరు, పార్కు పేరు కావాలనే రాయడం లేదు. అద్దెకు దొరికే బళ్లు ఎక్కడైనా దాదాపు ఒకే తరహావి కాబట్టి, గర్భిణికి ఎలాంటి బండి సరిపోతుందో తెలియడమే చదివేవారికి ఎక్కువ ఉపయోగం.

ముందుగా, ఏడో నెలలో థీమ్ పార్కు ఎందుకన్న ప్రశ్న వస్తుంది. ఏటా సంక్రాంతికి మేము భీమవరం వెళ్తాం. ఈసారి అంత దూరం ప్రయాణం వద్దని డాక్టరు గారు చెప్పడంతో అత్తగారు, మరిది కుటుంబం, పిల్లలతో సహా అందరూ మా ఇంటికే వచ్చారు. పిల్లలకు సెలవులు, వాతావరణం చల్లగా ఉంది, పండగకు ఊళ్లకు వెళ్లినవాళ్లు వెళ్లగా రోడ్లు కూడా ఖాళీగా ఉన్నాయి. నా ఇబ్బంది ఒక్కటే. పొత్తికడుపు కింద, కటి ఎముకలు ముందువైపు కలిసే చోట నొప్పి వల్ల పది నిమిషాలకు మించి నిలబడలేకపోతున్నాను, మెట్లెక్కితే ప్రాణం మీదకు వస్తోంది. గర్భంలో కటి కీళ్లను పట్టి ఉంచే కణజాలం వదులవడం, బరువు పెరగడం వల్ల చాలామందికి వచ్చే నొప్పే ఇదనీ, బిడ్డకు దీనివల్ల ప్రమాదం లేదనీ, కాకపోతే ఎక్కువసేపు నిలబడటం, దూరాలు నడవడం తగ్గించాలనీ డాక్టరు గారు చెప్పారు. పార్కుకు వెళ్లవచ్చునా అని అడిగితే, ఒక్క రైడు కూడా ఎక్కకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు.

హైదరాబాదు చుట్టూ ఉన్న ఇలాంటి చోట్ల నడక ఎంత ఉంటుందో వెళ్లినవారికి తెలుసు. రామోజీ ఫిల్మ్ సిటీ విస్తీర్ణమే 1,666 ఎకరాలు, అందుకే అక్కడ సందర్శకులను బస్సుల్లో తిప్పుతారు. నెహ్రూ జూపార్కు 380 ఎకరాలు, అక్కడ బ్యాటరీ వాహనాలు నడుస్తాయి. మేము వెళ్లిన పార్కులో అలాంటి సదుపాయం లేదు. గేటు దగ్గర వీల్‌చెయిర్లు ఇస్తారు గానీ వాటిని ఎవరో ఒకరు తోయాలి. రోజంతా నన్ను తోయడానికి మా వారిని కట్టిపడేస్తే మా ఆరేళ్ల అబ్బాయి వెంట వెళ్లేదెవరు? పైగా వీల్‌చెయిర్‌లో కూర్చున్నవారు ఎటు వెళ్లాలో, ఎక్కడ ఆగాలో తోసేవారే నిర్ణయిస్తారు. అమెరికాలో, ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లో ఇలాంటి స్కూటర్లను పార్కులోనే అద్దెకిస్తారని డాలస్‌లో ఉండే మా ఆడపడుచు చెప్పాక, అలాంటిది ఇక్కడ బయట నుంచి తెచ్చుకోవచ్చునా అని పార్కుకు ఫోన్ చేసి అడిగాను. తెచ్చుకోవచ్చన్నారు. ఆ మాట మాటగానే ఉండిపోకుండా వాట్సాప్‌లో రాసి పంపమని అడగడం గేటు దగ్గర అక్కరకు వచ్చింది. సెక్యూరిటీ ఆయన "అమ్మా, బండ్లు లోపలికి పోనియ్యరు" అని అడ్డుపడగానే ఆ మెసేజ్ చూపించాము, దారి వదిలారు.

అద్దె రోజుకు 1,500 రూపాయలు, డిపాజిట్ 10,000. షాపులో రెండు రకాలున్నాయి. మూడు చక్రాల బండి ఇరుకు చోట్ల సులువుగా తిరుగుతుంది, అద్దె కూడా కాస్త తక్కువ, కానీ ఏటవాలు నేల మీద మలుపు తిరిగేటప్పుడు పక్కకు ఒరిగే అవకాశం ఎక్కువ. గర్భిణులు అద్దెలో మిగిలే ఆ రెండు మూడు వందల కోసం ఆశపడకుండా నాలుగు చక్రాల బండినే అడగాలి. నేను తీసుకున్నది అదే. రెండు 12 వోల్టుల బ్యాటరీలతో, గంటకు సుమారు 6 కిలోమీటర్ల వేగానికి మించకుండా నడుస్తుంది. అంటే మామూలు మనిషి చురుకుగా నడిచే వేగమే.

షాపులో కుర్రాడు నా బరువు అడిగి, ఈ బండి 115 కిలోల దాకా మోస్తుందని చెప్పి, ఇక చూడవలసింది ఏమీ లేదన్నట్టు రసీదు పుస్తకం తీశాడు. నిజానికి గర్భిణి విషయంలో చూడవలసినది బరువు కాదు, హ్యాండిల్‌కూ పొట్టకూ మధ్య ఉండే ఖాళీ. ఈ బండ్ల హ్యాండిల్ ముందు నుంచి ఏటవాలుగా ఒడి మీదికి వస్తుంది. వేగం పెంచే, వెనక్కు నడిపే మీటలు దాని కిందే ఉంటాయి. నిటారుగా కూర్చుంటే నాకు జానెడు ఖాళీ ఉంది, ఫరవాలేదనిపించింది. అక్కడితో సరిపెట్టుకోకుండా హ్యాండిల్‌ను పూర్తిగా కుడికి తిప్పి చూశాను. కుడివైపు కొస అర్ధచంద్రాకారంగా తిరిగి వచ్చి, సరిగ్గా బొడ్డు పక్కన ఆగింది. మీట మీద వేలు ఉన్నప్పుడు ఇలా పొట్టకు తగిలితే ఆ ఒత్తిడికే మీట నొక్కుకుపోయి బండి ముందుకు కదలవచ్చు. హ్యాండిల్ మొదట్లో ఉన్న మరను వదులు చేసి దాన్ని ముందుకు వంచితే ఖాళీ పెరిగింది కానీ, చేతులు పూర్తిగా చాచవలసి వచ్చి భుజాలు లాగాయి. చివరకు సీటు వీపు మీద ఉన్న మందపాటి కుషన్ తీసేయించాక రెండూ కుదిరాయి. ఈ పరీక్షకు పట్టింది ఐదు నిమిషాలు. షాపువారు ఇది తమంతట తాము చేయించరు. "పేషెంట్లెవరూ ఇట్ల అడగలే మేడమ్" అన్నాడు కుర్రాడు, నిజాయితీగానే. సీటు ముందుకూ వెనక్కూ జరిగే మోడల్ ఉందా అని అడిగితే, ఉంది గానీ నెల అద్దెకు వెళ్లిపోయిందన్నారు.

ఈ బండిలో నాకు అన్నింటికంటే నచ్చినది సీటు. దాని కింద ఒక మీట ఉంది. అది ఎత్తితే సీటు పక్కకు తిరుగుతుంది. కటి నొప్పి ఉన్నవారికి ఒక కాలు ఎత్తి ముందు పెట్టడమే అసలు బాధ. కారు దిగేటప్పుడు కూడా మోకాళ్లు రెండూ దగ్గరగా ఉంచి, నడుము నుంచి ఒక్కటిగా తిరగమని ఫిజియోథెరపిస్టులు చెబుతారు. ఈ సీటు అదే పని మనకోసం చేసిపెడుతుంది. తిప్పుకుని, రెండు కాళ్లూ నేల మీద ఆనించి, చేతిపిడి ఆసరాతో లేస్తే సరి. రోజంతా పదే పదే ఎక్కి దిగినా తొడల మధ్య ఆ చురుకు రాకపోవడానికి కారణం ఇదే.

బ్రేకు విషయం నేర్చుకోవడానికి కొంత సమయం కావాలి. స్కూటరు అనే పేరు విని యాక్టివా లాంటిదనుకోకూడదు. చేతి మీట వదిలేయడమే బ్రేకు, వదలగానే చక్రాలు వాటంతట అవే బిగుసుకుంటాయి. భద్రత కోణంలో ఇది మంచి ఏర్పాటే గానీ, పూర్తి వేగంలో ఒక్కసారిగా వదిలితే శరీరం ముందుకు తూలుతుంది. వేగం తిప్పే గుండీ మీద ఒకవైపు తాబేలు, మరోవైపు కుందేలు బొమ్మలు ఉన్నాయి. నేను దాన్ని తాబేలు వైపు, సగానికి తక్కువలోనే ఉంచాను. ఆ వేగంలో మీట వదిలితే మెత్తగా ఆగింది. మా మరిది పిల్లలు మాత్రం కుందేలు వైపు తిప్పమని రోజంతా వేధించారు. ఒక్క రౌండు ఒళ్లో కూర్చోబెట్టుకోమని మా అబ్బాయి అడిగినా ఒప్పుకోలేదు. హ్యాండిల్‌కూ పొట్టకూ మధ్య ఉన్న ఖాళీ కష్టపడి సంపాదించుకున్నది, అందులో పిల్లవాడిని ఇరికించే ప్రసక్తే లేదు.

నేల సంగతికి వస్తే, సిమెంటు దారి మీద ఈ బండికి వంక పెట్టలేం. ఇంటర్‌లాకింగ్ టైళ్ల మీద మాత్రం కుదుపు నేరుగా వెన్నుకు తెలుస్తుంది, ఎందుకంటే చక్రాలు చిన్నవి, గాలి లేని గట్టి రబ్బరువి, స్ప్రింగులు లేవు. పార్కులో ఫుడ్ కోర్టు ముందు దారికి అడ్డంగా నీళ్ల కాలువ, దాని మీద ఇనుప జాలీ ఉన్నాయి. ఆ జాలీ సందులో ముందు చక్రం పడబోతే మా వారు పట్టుకుని పక్కకు లాగారు. అలాంటి చోట్ల దిగి నడవడమే మేలు. స్పీడ్ బ్రేకర్లు కూడా ఇబ్బందే, బండి అడుగు భాగం నేలకు నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. ర్యాంపులు అన్నీ ఒకలా లేవు. ప్రమాణం ప్రకారం ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. షో జరిగే ఆడిటోరియం ర్యాంపు అలాగే ఉంది, హాయిగా ఎక్కింది. ఒక బొమ్మల షాపు ముందున్నది చూస్తే మాత్రం సామాను ట్రాలీల కోసం కట్టినట్టుంది. ఎక్కే ప్రయత్నం చేయలేదు.

రైడ్ల దగ్గర నేను ఆశించినది తక్కువే కాబట్టి నిరాశ లేదు. వేగంగా వెళ్లి ఒక్కసారిగా ఆగే రైడ్లలో కుదుపుకు మాయ (ప్లాసెంటా) గర్భాశయం గోడ నుంచి విడిపోయే ప్రమాదం ఉంటుంది, అందుకే గర్భిణులు ఎక్కరాదని ప్రతి రైడు ముందూ బోర్డు ఉంటుంది. క్యూ కోసం కట్టిన మెలికల కంచెల్లోకి స్కూటరు ఎలాగూ పట్టదు. పిల్లలు లోపలికి వెళ్తే నేను బయటకు వచ్చే దారి దగ్గర చెట్టు నీడ చూసుకుని ఆగేదాన్ని. వాళ్లు ఏ రైడుకు పరుగెత్తితే ఆ రైడుకు ఎవరి సాయమూ లేకుండా నేనూ చేరుకోవడం, రోలర్ కోస్టరు దిగి వస్తున్న మా అబ్బాయి ముఖం చూడటం, అద్దె డబ్బుకు దక్కిన అసలు ఫలితం. ఏడో నెలలో గంటకోసారి వెళ్లక తప్పని చోటు ఇంకొకటి ఉంది. మరుగుదొడ్డి గుమ్మంలోంచి బండి పడుతుంది గానీ లోపల తిప్పడానికి చోటు లేదు. బయటే ఆపి తాళం తీసుకుని వెళ్లాను, అత్తగారు కాపలా కూర్చున్నారు.

అత్తగారికి ఈ బండి మీద మొదట సదభిప్రాయం లేదు. కడుపుతో ఉన్నవాళ్లు నడిస్తేనే కాన్పు సులువవుతుందన్నది ఆవిడ మాట. దారిలో ఎదురైన ఒక పెద్దావిడ ఆగి, "కాళ్లకేమైంది తల్లీ?" అని అడిగి, నా పొట్ట చూసి, సమాధానం వినకుండానే అత్తగారి పక్షం చేరారు. వారిద్దరి మాటలోనూ న్యాయం ఉంది. గంటల తరబడి కూర్చుంటే కాళ్లు వాస్తాయి, గర్భంలో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు మామూలు కన్నా ఎక్కువ కూడా. అందుకే ఆగిన ప్రతి చోటా దిగి ఐదు నిమిషాలు అటూ ఇటూ నడిచాను, నీళ్లు తాగుతూనే ఉన్నాను. ఈ బండి నా నడకను మాన్పించలేదు. పార్కింగ్ నుంచి గేటు దాకా, గేటు నుంచి రైడ్ల దాకా ఎండలో వృథా అయ్యే నడకను తప్పించి, పూలతోటలో పిల్లలతో నడవడానికి ఓపిక మిగిల్చింది. సాయంత్రానికి అత్తగారే సీటు ఎక్కి, తాబేలు వేగంలో తోట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. అభిప్రాయం మార్చుకున్నానని మాత్రం చెప్పలేదు.

బ్యాటరీ దగ్గర షాపువారి మాట తప్పింది. ఫుల్ చార్జింగ్‌తో పదిహేను కిలోమీటర్లు వస్తుంది, చార్జరు అవసరమే లేదన్నారు. నేను పట్టుబట్టి తెచ్చుకున్నాను. మధ్యాహ్నం మూడింటికల్లా, అందులో సగం దూరం కూడా తిరగకముందే, ముల్లు పసుపు గీత మీదికి వచ్చింది. చదును నేల మీద కాస్త పైకి లేవడం, ర్యాంపు ఎక్కగానే ఎరుపు దాకా పడిపోవడం పాతబడిన బ్యాటరీ లక్షణం. ఫుడ్ కోర్టు సిబ్బంది అడగగానే ఒక ప్లగ్గు చూపించారు, భోజనం అయ్యేదాకా పెడితే సాయంత్రానికి సరిపోయింది. చార్జింగ్ పూర్తిగా అయిపోతే వెనుక చక్రం పక్కనున్న మీట మార్చి బండిని తోసుకెళ్లవచ్చు. కానీ ఆ స్థితిలో బ్రేకు పనిచేయదు కాబట్టి మనిషి కూర్చుని ఉండగా, అందులోనూ వాలు దారిలో, ఆ పని చేయకూడదు. షాపులో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మీట పక్కన అతికించిన కాగితం మీద ఉంటే చదివాం.

కారులోకి ఎక్కించడం మగవాళ్ల పనిగా వదిలేశాను. బండి ఐదు ముక్కలుగా ఊడుతుంది, అన్నిటికంటే బరువైనది మోటారున్న వెనుక భాగం. స్విఫ్ట్ డిక్కీలో ముక్కలన్నీ పట్టలేదు, సీటును వెనుక సీట్లో పెట్టవలసి వచ్చింది.

తిరిగి ఇచ్చేటప్పుడు ముందు బంపరు మీద గీత చూపించి డిపాజిట్‌లో 1,000 రూపాయలు పట్టుకుంటామన్నారు. బండి తీసుకున్న రోజే మా వారు నాలుగు వైపులా ఫోటోలు తీసి ఉంచారు, ఆ గీత వాటిలో స్పష్టంగా ఉంది. యజమాని ఫోటో చూసి, ఇంకేమీ వాదించకుండా మొత్తం డబ్బు ఫోన్‌పేలో పంపారు. సీటు జరిగే మోడల్ నెలాఖరుకు తిరిగి వస్తుందని కూడా చెప్పారు. ఐదు నక్షత్రాలకు బండికి నాలుగు ఇస్తాను, షాపుకు రెండున్నర. ఆ పాత బ్యాటరీలు మార్చిన రోజున ఆ రెండున్నరను పెంచడానికి నాకు అభ్యంతరం లేదు.