క్రాష్ గార్డ్: పైపు లావు కాదు, బోల్టులు ఎక్కడున్నాయో చూడండి

బైక్ పడ్డప్పుడు ఇంజిన్‌కి దెబ్బ తగలకుండా పక్కల బిగించే పైపు చట్రమే క్రాష్ గార్డ్. అది కొనడానికి వెళ్తే చాలామంది ముందు పైపుని తట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టిది అనుకుంటారు. ఏళ్ల తరబడి వాడాక చెప్తున్నా, ఆ చప్పుడుతో తేలేదేమీ లేదు. గార్డ్‌ని బండికి ఎక్కడెక్కడ బిగిస్తున్నారో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

నాది లిక్విడ్ కూలింగ్ ఉన్న టూరింగ్ బండి. లగేజీ కట్టాక చాలా బరువు. దానికి వేయించింది 25 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీల్ పైపు గార్డ్. ఒక్కో పక్క మూడు చోట్ల బిగుస్తుంది: పైన ఫ్రేముకి, మధ్యలో ఇంజిన్ మౌంట్ బోల్టుకి (ఇంజిన్‌ని ఫ్రేముకి పట్టి ఉంచేది), మళ్లీ కింద ఇంకోచోట. ముందువైపు రెండు పక్కలనీ కలుపుతూ ఒక అడ్డ కడ్డీ ఉంది. చూసేవాళ్లకి అది సోకులా కనిపిస్తుంది గానీ, ఒక పక్క తగిలిన దెబ్బని రెండో పక్కకీ పంచేది అదే.

ఒక్క బోల్టు మీద వేలాడే గార్డ్‌లతోనే నాకు భయం. బండి పడ్డప్పుడు ఆ పైపు గునపంలా పనిచేసి, బలమంతా తెచ్చి బోల్టు మొదట్లో పెడుతుంది. పైపు ఎంత మొండిదైతే అంత నష్టం. అది వంగదు కాబట్టి, బోల్టు పట్టుకునే అల్యూమినియం భాగం పగులుతుంది. నాతో రైడ్‌లకి వచ్చే మిత్రుడి బండికి అచ్చంగా ఇదే జరిగింది. గార్డ్ మీద చిన్న గీత, ఇంజిన్ కేసింగ్ మీద పగులు. గార్డ్ మారిస్తే పోవాల్సిన ఖర్చు ఇంజిన్ విప్పేదాకా వెళ్లింది.

నా గార్డ్‌కి అసలు పరీక్ష కంకర పరిచిన మలుపులో ఎదురైంది. పెద్ద స్పీడేమీ లేదు. ముందు చక్రం జారి ఎడమవైపు పడ్డాను, బండి కొంత దూరం ఈడ్చుకుపోయింది. లేపి చూస్తే గార్డ్ చివరున్న నైలాన్ స్లయిడర్ ఏటవాలుగా చెక్కేసినట్టు అరిగిపోయింది, అందులో కంకర పలుకులు దిగబడి ఉన్నాయి. పైపు వేలెడంత లోపలికి వంగింది. గేర్ లివర్ కూడా వంగితే స్పానర్‌తో లాగి సరిచేసుకున్నా. రేడియేటర్, ట్యాంకు, ఇంజిన్ కవర్ల మీద గీత కూడా పడలేదు. నైలాన్ ముక్క రోడ్డు మీద జారిపోతుంది, ఉత్త ఇనుమైతే గతుకుల్లో తట్టుకుని బండిని తిప్పేసే ప్రమాదం ఉంది. స్లయిడర్ విడిగా మార్చుకునేలా ఉండటం పెద్ద ప్లస్.

బిగించాక డబ్బులిచ్చే ముందే ఒక పని చేయండి. కింద పాత దుప్పటి పరిచి, ఇద్దరు కలిసి బండిని మెల్లగా ఓ పక్కకి వాల్చండి. గార్డ్, హ్యాండిల్ చివర, ఫుట్‌రెస్ట్ నేలకి తగిలితే ఫర్వాలేదు. ట్యాంకో ఇంజిన్ కవరో తగిలితే ఆ గార్డ్ మీ బండికి పనికిరాదు.

కాళ్లకి రక్షణ అనుకుని కొనేవాళ్లకి ఒక మాట. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో దాదాపు 900 బైక్ ప్రమాదాలని పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. క్రాష్ బార్ల వల్ల పాదం, చీలమండ గాయాలు తగ్గినా, మోకాలు, తొడ గాయాలు ఆ మేరకి పెరిగాయని అందులో తేల్చారు. గార్డ్ కాపాడేది బండిని. కాళ్లకి బూట్లు, మోకాలి గార్డులు వేసుకోవాల్సిందే.

బిగించేటప్పుడు మెకానిక్ పక్కనే నిలబడండి. ఇంజిన్ కింద జాకీ పెట్టి, మౌంట్ బోల్టులు ఒక్కొక్కటిగా మార్చాలి. కొత్తవన్నీ ముందు వదులుగా ఎక్కించి, ఆ తర్వాతే మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించాలి. మెరుస్తున్నాయని మామూలు స్టెయిన్‌లెస్ బోల్టులు వేస్తామంటే ఒప్పుకోకండి, తల మీద 10.9 అని బలం గ్రేడ్ ఉండే స్టీల్ బోల్టు వాటికంటే చాలా బలమైనది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చెక్ చేయించండి. నా బండి 5000 ఆర్‌పీఎం దగ్గర జుమ్మని మోగితే ఇంజిన్ అనుకుని టెన్షన్ పడ్డా, తీరా చూస్తే అడ్డ కడ్డీ బోల్టు వదులైంది.

చిరాకులూ ఉన్నాయి. బండి తోసేటప్పుడు పైపు మోకాలి కిందే తగులుతుంది. ఆయిల్ ఫిల్టర్‌కి సరిగ్గా అడ్డంగా ఉండటంతో మామూలు కప్పు రెంచ్ పట్టదు, ప్రతి ఆయిల్ మార్పుకీ కింది బోల్టు విప్పాల్సిందే. తుప్పు విషయంలో మాత్రం ఫిర్యాదు లేదు, వెల్డింగుల దగ్గర కాస్త గోధుమ రంగు మరక తప్ప. పౌడర్ కోటింగ్ వేసిన మామూలు స్టీల్ తీసుకుంటే, పైపు కింది భాగంలో నీళ్లు కారిపోయే రంధ్రం ఉందో లేదో చూసుకోండి.

వంగిన పైపుని సాగగొట్టి మళ్లీ వాడటం నాకు ఇష్టం లేదు, ఎడమ పక్కది మార్చేశా. ఒక పక్కది విడిగా అమ్ముతారో లేదో ముందే అడగండి. నేను కొన్న కంపెనీ జతగానే ఇస్తానంది, కుడివైపుది ఇంకా సీలు విప్పకుండా అట్టపెట్టెలోనే ఉంది.