ఇస్తాంబుల్‌లో కత్తులు చూడాలంటే తోప్‌కాపియా, హర్బియేనా?

కత్తులంటే పిచ్చి ఉన్నవాళ్ళు ఒట్టోమన్ సుల్తాన్లుండిన తోప్‌కాపి ప్యాలెస్ ఒక్కటే చూసి వచ్చేయకండి, హర్బియేలో ఉన్న మిలిటరీ మ్యూజియంకి ఓ పూట ఉంచుకోండి. నా ఓటు దానికే.

తోప్‌కాపిలో జనమంతా హారెం (అంతఃపురం), ఖజానా దగ్గరే, రెండో ప్రాంగణంలో దివాన్ (మంత్రుల సభా మందిరం) పక్కనున్న ఆయుధాల హాల్లో కాస్త ఊపిరాడుతుంది. 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ని గెలిచిన రెండో మెహ్మెద్ కత్తి ఈ ప్యాలెస్‌దే, బ్లేడు మీద బంగారంతో అరబిక్ రాత. పనితనం సూపర్, కానీ సుల్తాన్ల కత్తులు చూస్తే దర్జా తెలుస్తుంది గానీ వాడకం తెలీదు. మేం మాట్లాడుకున్న గైడ్ అయితే ఇక్కడ నిలబడనిస్తేగా! ఆడియో గైడ్ తీసుకుని మీ అంతట మీరే తిరగండి. మంగళవారం సెలవు.

హర్బియేలో తీరిగ్గా చూడొచ్చు. కిలిచ్ అనే టర్కీ కత్తి పిడి దగ్గర దాదాపు నిటారుగా మొదలై సగం దాటాక వంపు తిరుగుతుంది, చివర్లో బ్లేడు ఒక్కసారి వెడల్పవుతుంది, ఆ భాగాన్ని యల్మాన్ అంటారు, అక్కడ వెనక అంచుకి కూడా పదునే. బరువు కొన వైపు ఉంటుంది కాబట్టి గుర్రం మీంచి వేసే వేటుకి ఊపొస్తుంది. మరి ఇంత వంపున్నది ఒరలో ఎలా దూరుతుందా అని డౌటొచ్చి దగ్గరికెళ్ళి చూస్తే, ఒర మూతి దగ్గర వెనక వైపు పొడుగ్గా చీలిక వదిలేశారు, భలే ఐడియా. సుల్తాన్ల సొంత కాల్బలమైన జానిసరీ సైనికుల కత్తి యతగాన్ వేరే రకం, పిడి దగ్గర అడ్డకమ్మీ ఉండదు, పదును మన కొడవలిలాగా లోపలి వంపుకే, నడుం గుడ్డలో దోపుకునేవాళ్ళు. 1826లో రెండో మహమూద్ ఆ దళాన్నే రద్దు చేసేశాడు. ఇక్కడ మెహ్తెర్ అనే ఒట్టోమన్ సైనిక బ్యాండ్ ప్రోగ్రాం టైం ముందే కనుక్కుని వెళ్ళండి, మిస్సవ్వద్దు.

స్టే మేం సుల్తానహ్మెత్‌లో తీసుకున్నాం, తోప్‌కాపికి నడిచే దూరం, కానీ రేట్లెక్కువ, రూములు ఇరుకు. అక్కణ్ణించి హర్బియేకి కబతాష్ దాకా ట్రామ్, తక్సిం దాకా ఫ్యూనిక్యులర్ (కొండెక్కే కేబుల్ రైలు), తర్వాత మెట్రోలో ఒస్మాన్‌బే, అన్నిటికీ ఇస్తాంబుల్‌కార్ట్ అనే ట్రావెల్ కార్డు చాలు. ఈసారి వెళ్తే తక్సిం వైపే రూము తీసుకుంటా.

గ్రాండ్ బజార్‌లో పాత కత్తులని చూపిస్తారు, జోలికి పోకండి. కొత్తదైతే గోడకి తగిలించుకోడానికే, నిజంగా పాతదైతే పర్మిషన్ లేకుండా టర్కీ దాటించకూడదు.