నాలుగేళ్లు వాడిన ఫోను: అన్నీ బాగున్నాయి, సిమ్ ట్రే తప్ప

ఈ ఫోను 2021 ఆగస్టులో కొన్నా. రెండు సిమ్‌లు పెట్టుకోవచ్చు, లేదంటే ఒక సిమ్, ఒక మెమరీ కార్డు. కంపెనీ పేరు చెప్పను. ఆ మోడల్ ఇప్పుడు అంగట్లో లేదు, పైగా నేను చెప్పబోయే తంటా ఏ కంపెనీ ఫోనుకైనా వచ్చేదే. నాది నెల్లూరు, పని మాత్రం ఇందుకూరుపేట దాటాక మైపాడు వైపు రొయ్యల గుంటల మీద. పొద్దున అయిదింటి నుంచి రాత్రి దాకా ఈ ఫోను ఉప్పుగాలిలో, చెమట పట్టిన చొక్కా జేబులో, మేత పొడి అంటిన చేతుల్లో నలిగింది. ఏసీ గదిలో వాడి రాసిన సమీక్ష కాదిది.

మిగతా సంగతులు రెండు ముక్కల్లో చెప్పేస్తా. మూడేళ్లపాటు బ్యాటరీ రాత్రి దాకా వచ్చేది, ఇప్పుడు మధ్యాహ్నానికే చార్జింగ్ అడుగుతోంది. కెమెరా పగలు బాగుంటుంది, రాత్రిపూట చెక్ ట్రేలో (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) రొయ్యని ఫొటో తీస్తే రొయ్యో పుల్లో తెలియదు. రెండుసార్లు గట్టు మీద పడింది, అద్దం పగల్లేదు. మాట స్పష్టంగా వినపడుతుంది. ఇక్కడితో అయిపోతే అయిదుకి నాలుగు చుక్కలు ఇచ్చేవాణ్ణి.

మొదటిసారి 2023 రోహిణి కార్తెలో అనుకుంటా, పైన సిగ్నల్ గీతలు మాయమై 'నో సిమ్' అని పడింది. ఆపి ఆన్ చేశా, వచ్చింది. నాలుగు రోజులకి మళ్లీ. ఆపి ఆన్ చేశా, మళ్లీ వచ్చింది. గుంటల్లో నాకు పొత్తు ఉన్న మా బావ "సిమ్ పాతదైపోయింది, మార్చుకో" అన్నాడు. మా ఇంటామె "సిమ్ కాదు, ఫోనే పాతబడింది" అంది. రీస్టార్ట్ కొడితే పోయేదానికి అంగళ్ల చుట్టూ ఎవరు తిరుగుతారులే అని ఇద్దరి మాటా వినలేదు. ఆ బద్ధకమే ఏడాది తర్వాత కొంప ముంచింది.

రొయ్యలు వేసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి చెప్తా. గుంటలో నాచు పగలు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి అదే వాడుకుంటుంది. అందుకని తెల్లవారుజాము మూడు నుంచి అయిదు మధ్య నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆ టైములో ఆగకూడదు. షెడ్డులో ప్యానెల్ పక్కన ఒక డబ్బా పెట్టించా, దాంట్లోనూ ఒక సిమ్ ఉంటుంది. కరెంటు పోయినా, ఒక ఫేజు పడిపోయినా నాకు ఫోన్ చేస్తుంది. 2024 ఆగస్టులో ఒక రాత్రి అది చేయాల్సిన పని చేసింది. నా ఫోనే 'నో సిమ్' అని ముఖం తిప్పుకుని పడుకుంది. కాపలా పెద్దాయనకి మెలకువ వచ్చి జనరేటర్ వేసేసరికి ఒక గుంటలో రొయ్య పైకి తేలిపోయింది. ఆయన సైకిల్ మీద ఇంకో షెడ్డుకి వెళ్లి, అక్కడి కుర్రాడి ఫోన్ నుంచి మా ఇంటామెకి చేశాడు. ఆమె ఫోను నేనందుకోగానే పెద్దాయన అన్న మాట: "అబ్బాయా, నీ ఫోను ఎన్నిసార్లు కొట్టినా పలకదేంది?" 50 కౌంటు (కిలోకి 50 రొయ్యలు తూగే సైజు) దాకా పెంచుదామనుకున్న సరుకుని 80 కౌంటులోనే పట్టేయాల్సి వచ్చింది.

ఆ కోపంలో చేసిన మొదటి తప్పు: పొద్దున్నే వెళ్లి డూప్లికేట్ సిమ్ తీసుకున్నా. ఆధార్, వేలిముద్ర, పావుగంటలో పని అయిపోయింది. అంగట్లో అబ్బాయి చెప్పని సంగతి ఒకటుంది. టెలికాం శాఖ 2022లో ఇచ్చిన ఆదేశం ప్రకారం సిమ్ మారిస్తే ఆ నంబరుకి 24 గంటలు మెసేజ్‌లు ఆగిపోతాయి. దొంగ డూప్లికేట్లతో బ్యాంకు ఖాతాలు ఊడ్చేస్తున్నారని పెట్టిన కట్టడి అది, మంచిదే. నాకు మాత్రం ఆ రోజే ఐస్ వాడికి, పట్టుబడి కూలీలకి, లారీకి డబ్బులు పంపాలి. ఓటీపీ రాదు. బావ ఖాతా నుంచి కట్టించి, ఆయన చేత నాలుగు మాటలు కూడా అనిపించుకున్నా. విసుగు పుట్టి సిమ్ కంపెనీయే మార్చేద్దామనుకుంటే, 2024 జులై 1 నుంచి ఇంకో నిబంధన వచ్చిందట, సిమ్ మార్చాక ఏడు రోజులు పోర్టింగ్ కూడా కుదరదు. సిమ్ మార్చాల్సి వస్తే శనివారం సాయంత్రం మార్చండి, ఆదివారం గడిచిపోతుంది.

కొత్త సిమ్ సరిగ్గా పదకొండు రోజులు పనిచేసింది. పన్నెండో రోజు 'నో సిమ్'.

అప్పుడు నా బుర్రకి తట్టిన పని మొదటి రోజే చేయాల్సింది. సిమ్ తీసి మా ఇంటామె ఫోన్లో వేశా, నిక్షేపంగా పనిచేసింది. ఆమె సిమ్ నా ఫోన్లో వేశా, అది కూడా మాయం. అయిదు నిమిషాల్లో తేలిపోయింది, సిమ్ తప్పేం లేదు, రోగం ఫోన్లో ఉంది. ఈ అయిదు నిమిషాల పని చేయకుండా డూప్లికేట్ కోసం పరుగెత్తినవాళ్లు మా వైపు నాలాంటివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, తర్వాత అడిగితే ఒక్కొక్కరే బయటపడ్డారు.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళితే ఫోను మొహం కూడా సరిగా చూడకుండా "బోర్డు మార్చాలి, ఆరువేల ఎనిమిది వందలు" అన్నారు. మూడేళ్లు దాటిన ఫోనుకి ఆరువేలా? లేచి వచ్చేశా. ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక కుర్రాడు చిన్న బల్లేసుకుని రిపేర్లు చేస్తాడు. ఫోను విప్పి, భూతద్దం కింద పెట్టి "ఇట్టా రా అన్నా, చూడు" అన్నాడు. సిమ్ కూర్చునే చోట సన్నటి స్ప్రింగు పిన్నులు వరసగా ఉన్నాయి. రెండింటి మీద పచ్చగా చిలుము. పాత ఇత్తడి చెంబుకి పడుతుందే, అదే.

అతను చెప్పిన లెక్క నాకు బాగా ఎక్కింది. సిమ్ మీద మెరిసే ఆ రేకుకి బంగారు పూత ఉంటుంది, అందుకే అది తొందరగా పాడవదు. ఫోన్లోని పిన్నులకీ పూత ఉంటుంది కానీ ట్రే తీసి పెట్టిన ప్రతిసారీ కొంచెం కొంచెం అరుగుతుంది. అరిగిన చోట కింది లోహానికి ఉప్పు తేమ తగిలితే చిలుము పడుతుంది. సిమ్‌కి ఫోను ఇచ్చేది 1.8 వోల్టులో, 3 వోల్టులో. అంత చిన్న కరెంటుకి ఆ పొర అడ్డం పడినా చాలు. రీస్టార్ట్ చేస్తే ఎందుకొచ్చేదో కూడా అప్పుడు అర్థమైంది. ఫోను ఆన్ అయ్యేటప్పుడు సిమ్‌ని మొదటినుంచి పలకరిస్తుంది. ఆ క్షణాన పిన్ను తగిలిందా, దొరికినట్టే. తర్వాత జేబులో కదిలి తగలకపోయిందా, పోయినట్టే.

ఇంకో పిన్ను వంగిపోయి ఉంది. "ఇదెవరు చేశారన్నా?" అని అడిగాడు. నేనే. అంటే నా రెండో సిమ్.

అది మా నాయన నంబరు. ఆయన కీప్యాడ్ ఫోను పాడయ్యాక ఆ సిమ్ నా ఫోన్లో రెండో గదిలో పెట్టుకున్నా. బ్యాంకు, గ్యాస్ అన్నీ ఆ నంబరుకే. ఆ సిమ్ పాత పెద్ద సైజుది, ఎప్పుడో ఒకసారి మైక్రోకి కత్తిరించారు, మళ్లీ నానోకి కత్తిరించారు. చూడ్డానికి నానోలాగే ఉంటుంది. అసలు నానో సిమ్ 12.3 మిల్లీమీటర్ల పొడవు, 8.8 వెడల్పు, అంతవరకు కత్తెర సరిచేస్తుంది. మందం సంగతి కత్తెర చూసుకోదు కదా. పాత సిమ్‌ల మందం 0.76 మిల్లీమీటర్లు, నానోది 0.67. తేడా దాదాపు ఒక కాగితం మందం. ఆ కాగితం మందమే ట్రేని పైకి నెట్టి వంచింది. రెండోసారి తీసేటప్పుడు బిగుసుకుంటే నేను పిన్నీసుతో లాగా. పక్కనున్న మైకు కన్నంలో పిన్నీసు గుచ్చిన రోజు కూడా ఒకటుంది, ఆ మాట బావకి ఇంతవరకు చెప్పలేదు.

కుర్రాడు స్పిరిట్‌తో, మెత్తటి బ్రష్షుతో చిలుము తీశాడు. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అంటారట, మామూలు శానిటైజర్ కాదు, దాంట్లో నీళ్లు, జిగట ఉంటాయి. వంగిన పిన్నుని సూదితో లేపాడు. ట్రే కొత్తది వేశాడు. మొత్తం 450 రూపాయలు. నాయన సిమ్ మార్పించడానికి మాత్రం రెండు పూటలు పట్టింది. డెబ్భై ఏళ్లు మట్టిలో చేసిన వేళ్లు, ముద్ర పడితే కదా! చివరికి ఎడమచేతి మధ్యవేలు కనికరించింది.

ఆ తర్వాత దాదాపు పది నెలలు ఒక్కసారి కూడా 'నో సిమ్' రాలేదు.

దీని పుణ్యమా అని మా వైపు ఎవరి ఫోను మొరాయించినా నా దగ్గరికే తెస్తున్నారు. నేను మొదట చూసేది తెర మీద ఏ మాట పడిందో. అన్నీ ఒకటి కావు. 'నో సిమ్' అంటే ఫోనుకి కార్డే కనపడటం లేదు; ట్రే, పిన్నులు, తేమ చూసుకోవాలి. 'ఇన్‌వాలిడ్ సిమ్' అనో 'నాట్ ప్రొవిజన్డ్' అనో పడితే ఎక్కువసార్లు కార్డు కనపడింది కానీ సిమ్ కంపెనీ ఒప్పుకోవడం లేదని. కొత్త సిమ్ ఇంకా యాక్టివేట్ కాలేదేమో, పాతది వాడకపోతే తీసేశారేమో కనుక్కోవాలి. 'ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ' అంటే చాలావరకు టవర్ గొడవ. పీయూకే (లాక్ పడిన సిమ్‌ని తెరిచే నంబరు) అడిగితే ఆగిపోండి. ఎవరో మూడుసార్లు తప్పు పిన్ నంబరు కొట్టారన్నమాట, పిల్లలే అయ్యుంటారు. పీయూకే ఎనిమిదంకెలు, కంపెనీని అడిగితే ఇస్తారు. ఊహించి కొట్టారంటే పదోసారికి ఆ సిమ్ ఇక చెత్తే.

టవర్ గొడవని ఫోను గొడవ అనుకుని నేను చేసిన నిర్వాకం ఒకటి చెప్పాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది కదా, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది, దానికి ముందే మా దగ్గర వాన దంచేసింది. సిగ్నల్ పోయింది. నేనేమో సెట్టింగుల్లోకి వెళ్లి నెట్‌వర్క్ రీసెట్ కొట్టా. సిగ్నల్ రాలేదు సరికదా, ఫోన్లో దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి, షెడ్డులోది, ఇంట్లోది. ఊళ్లో ఎవరికీ సిగ్నల్ లేదని పక్కింటాయన చెప్పాక తెలిసింది. మొదట పక్కవాళ్లని అడగాలి. రీసెట్ మంచి మందే, కాకపోతే చివరి మందు.

కొందరు సిమ్ తీసి నోటితో ఊదుతారు, ఊపిరిలో తేమ ఉంటుంది, ఊదకండి. తడిసిన ఫోనుని బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మా ఇంట్లోనూ ఉండేది. నెల్లూరు మసూరి బియ్యంలో ఒక రాత్రంతా పెడితే, ట్రే సందులో తౌడు మేట వేసింది. సిమ్ రేకు మురికిగా ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిస్తే చాలు. కీప్యాడ్ ఫోన్లో నానో పెట్టుకోవడానికి వాడే ప్లాస్టిక్ చట్రం ఉంటుంది చూశారూ, దాన్ని సిమ్ లేకుండా ఖాళీగా లోపలికి తోయకండి. బయటికి లాగేటప్పుడు పిన్నులు దానికి పట్టుకుని పీక్కొస్తాయి. బావ ఫోను అట్టాగే పోయింది.

*#06# కొట్టి చూడండి. ఐఎంఈఐ (ఫోను గుర్తింపు నంబరు) పదిహేనంకెలు రాకుండా ఖాళీగానో సున్నాలతోనో వస్తే సిమ్‌లు మార్చి ప్రయోజనం లేదు, లోపలి రోగం అది. ఇంకో రకం కూడా ఉంది, భయపడాల్సింది దానికే: ఊళ్లో అందరికీ సిగ్నల్ ఉండి, మీ సిమ్ వేరే ఫోన్లో కూడా పలక్కపోతే, మీ పేరున ఇంకెవరో డూప్లికేట్ తీసుకుని ఉండొచ్చు. ముందు బ్యాంకుకి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, ట్రే సంగతి తర్వాత.

మా అబ్బాయి ఈసిమ్ ఉన్న ఫోను కొనమంటాడు. కార్డే లేకపోతే చిలుమెక్కడ పడుతుంది నాయనా అంటాడు. నిజమే. అయితే తెల్లవారుజామున నాలుగింటికి ఫోను చచ్చిపోతే, సిమ్ పీకి ఏదో ఒక కీప్యాడ్ ఫోన్లో వేసుకునే వీలు దాంట్లో లేదు. టౌన్లో ఉద్యోగం చేసుకునే వాడికి ఈసిమ్ మేలు, నాకింకా నమ్మకం కుదర్లేదు. ఆ మాటకొస్తే షెడ్డులో డబ్బా 2జీ మీద నడిచేది, 4జీ మాత్రమే ఉన్న సిమ్ వేస్తే ఉలకదు పలకదు. అది తెలుసుకోవడానికి కూడా ఒక వారం పట్టింది.

ఫోనుకి అయిదుకి మూడు ఇస్తున్నా. ట్రే అంచున నీళ్లు ఆపే చిన్న రబ్బరు పెట్టి ఉంటే నాలుగు ఇచ్చేవాణ్ణి. కొనేటప్పుడు ట్రే బయటికి లాగి ఆ రబ్బరు ఉందో లేదో చూడండి, సముద్రం దగ్గర పనిచేసేవాళ్లకి కెమెరా మెగాపిక్సెళ్ల కన్నా అది ముఖ్యం.

మొన్న వాయుగుండం వానలకి మళ్లీ ఒకసారి 'నో సిమ్' పడింది. టార్చి వేసి చూస్తే ఒక పిన్ను పచ్చబడుతున్నట్టుంది. కుర్రాడికి ఫోన్ చేస్తే "ఆదివారం తీసుకురా అన్నా" అన్నాడు. అప్పటిదాకా సిమ్ కీప్యాడ్ ఫోన్లో ఉంది, చట్రంతో సహా.