గీజర్, ఏసీ ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుంటున్నారా? అడ్వాన్స్ జాగ్రత్త

భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపు గీజర్లు, ఏసీలు బిగించిన ఇళ్లు చూస్తున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. భీమవరంలో మేం ఖాళీ చేసిన ఇంటి ఓనరు గారు మా అడ్వాన్స్‌లోంచి రూ. 18,000 పట్టుకున్నారు. గీజర్ కాలిపోయిందట, ఏసీ గ్యాస్ కారిపోయిందట, రెండూ మా వల్లేనట. గీజరుకైతే ఏకంగా కొత్తదాని ధర వేశారు.

ఆ గీజర్‌ని మెకానిక్ విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఎలిమెంట్ చుట్టూ సున్నం గార వేలు మందాన పేరుకుపోయింది. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగిపోయే మెగ్నీషియం రాడ్ ఒకటి లోపల ఉంటుంది. దాని స్థానంలో సన్నటి ఇనుప తీగ మిగిలింది, అంతే. పైన స్టిక్కర్ మీద తయారీ సంవత్సరం 2013. డెల్టాలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని అందరికీ తెలుసు. ఆ నీళ్లు వాడుతూ రాడ్ మార్చకపోతే ఏ గీజరైనా ఎన్నాళ్లు నిలుస్తుంది? ఏసీ సంగతీ అంతే. ఉప్పుగాలికి ఔట్‌డోర్ యూనిట్ రేకులు చేత్తో తాకితే పొడిపొడిగా రాలుతున్నాయి.

ఆస్తి బదిలీ చట్టం (1882) సెక్షన్ 108 ప్రకారం ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే తిరిగి అప్పగించాలి. అయితే మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు మినహాయింపు ఉంది. ఇదే మాట చెబితే ఓనరు గారు అగ్రిమెంట్ తీసి చూపించారు: ‘సామాన్ల రిపేర్లన్నీ అద్దెదారుడివే.’ డాక్యుమెంట్ రైటర్ దగ్గర ముందే టైపు చేసి ఉంచిన ఫార్మాట్‌లోని లైను అది. మీ అగ్రిమెంట్‌లో అది ఉంటే సంతకానికి ముందే మార్పించండి. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా, వేరే ఒప్పందం లేకపోతే, గీజర్ రిపేర్లను అద్దెదారుడి వైపే పెట్టింది. కాబట్టి నోటి మాటలు నమ్ముకోవద్దు. చిన్న రిపేర్లు మావి, పాతబడి పాడైతే మార్చాల్సింది ఓనరు అని స్పష్టంగా రాయించండి. మన పిల్లలు ఫ్రిజ్ అర విరగ్గొడితే ఆ డబ్బు మనం ఇవ్వాల్సిందే, అందులో పేచీ లేదు. పదేళ్లు దాటిన వస్తువుకి కొత్తదాని ధర అడగడమే అన్యాయం.

ఇంట్లో దిగే రోజే ఓనరు ఎదుట అన్నీ ఆన్ చేయించి, తయారీ స్టిక్కర్లతో సహా వీడియో తీసి ఆయనకే వాట్సాప్ చేయండి. తేదీ దానంతటదే ఉండిపోతుంది. ఏసీకి స్టెబిలైజర్ ఉందో లేదో కూడా చూడండి. మధ్యలో ఏది పాడైనా మెకానిక్ చేత కారణం బిల్లు మీదే రాయించండి.

‘తుప్పు వల్ల లీకు’ అని మెకానిక్ రాసిచ్చిన కాగితం పంపాక మాకు ఏసీ డబ్బు తిరిగి వచ్చింది. గీజర్ డబ్బు ఇంకా రాలేదు, ఈ వారం లాయర్ నోటీసు పంపుతున్నాం.