టెక్కలి, పలాస వైపు వాళ్లు జాగ్రత్త! పాత ఇంటి గోడకి గుమ్మం కొట్టిస్తుంటే ఇది చదవండి

నిన్న జరిగింది, ఇంకా చేతులు వణుకుతున్నాయి, రాతలో తప్పులుంటే సర్దుకోండి. పేరు రాయను. టెక్కలిలో పాత ఇళ్లకి రిపేర్లు చేయించుకున్నవాళ్లకి ఆ కాంట్రాక్టరు ఎవరో నేను చెప్పక్కర్లేదు.

అమ్మకి మోకాళ్ల నొప్పులు, బాత్రూంకి వెళ్లాలంటే వరండా చుట్టూ తిరగాలి, అందుకే గది గోడకి గుమ్మం కొట్టిద్దామనుకున్నాం. 1986లో నాన్న కట్టించిన ఇల్లు, పిల్లర్లు లేవు, 9 అంగుళాల ఇటుక గోడలే శ్లాబుని మోస్తాయి, పైగా ఆ గోడకి సరిగ్గా మీదనే 1000 లీటర్ల ట్యాంకు. ఇదంతా ఆ కాంట్రాక్టరుకి చూపించాను. లింటెల్‌తో (గుమ్మం పైన గోడ బరువు మోసే అడ్డ దిమ్మ) కలిపి 28 వేలు అన్నాడు, 20 వేలు అడ్వాన్స్ ఇచ్చేశాను. మరి శ్లాబుని ఆపడానికి కింద జాకీలు పెట్టరా అంటే "ఏటి బాబూ, ముప్పై ఏళ్లు బట్టి ఇదే పని చేస్తన్నాను" అన్నాడు. అక్కడే పని ఆపించాల్సింది. పెద్దాయన కదా అని మొహమాటపడి ఆఫీసుకి వెళ్లిపోయాను, ఆ తప్పు నాదే.

పదకొండున్నరకి అమ్మ ఫోన్. వచ్చి చూస్తే పైన లింటెల్ లేదు, కింద సపోర్టు లేదు, మూడున్నర అడుగుల వెడల్పున గోడని కింద నుంచి బ్రేకర్ పెట్టి కొట్టేశారు. పై ఇటుకలు ఒక్కోటీ జారి పడుతున్నాయి, మూల నుంచి ఏటవాలుగా బీట శ్లాబు దాకా పాకిపోయింది. మేడ మీదకి పరిగెత్తి ముందు ట్యాంకు ఖాళీ చేశాను, టన్ను బరువండీ ఆ నీళ్లు.

దిగి వచ్చేసరికి ఆయన అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఏంటండీ ఇది అని అడిగితే లేవను కూడా లేవలేదు. "మీ నాన్న సిమెంటు ఎయ్యకుండా ఇసకతో కట్టీసినాడు బాబూ, దానికి నానేటి చేస్తాను" అన్నాడు, అమ్మ ఎదురుగానే. నాన్న పోయి రెండేళ్లు కాలేదు. 2018లో తిత్లీ తుఫానుకి పక్కింటివాళ్లతో కలిసి పదకొండు మందిమి ఆ గోడల మధ్యే తలదాచుకున్నాం, ఒక్క పెచ్చు ఊడలేదు. అమ్మ ఏమీ అనలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ మొహం నాకు కళ్ల ముందు నుంచి పోవట్లేదు. ఆయనేమో మిగతా 8 వేలు ఇస్తేనే లింటెల్ వేస్తానని కూలీలని తీసుకుని వెళ్లిపోయాడు, ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు.

సాయంత్రానికి మా బావ సరుగుడు బాదులు తెచ్చి శ్లాబు కింద ఆసరాగా నిలబెట్టాడు. రాత్రి పక్కింట్లో పడుకున్నాం. రేపు ఇంజనీరు వస్తారు.

ఇంజనీరుకి చూపించకుండా ఇలాంటి గోడ ముట్టనివ్వకండి. ముందు రెండు పక్కలా జాకీలతో శ్లాబుని ఆపాలి, తర్వాత లింటెల్ వచ్చేంత మేరే తవ్వి, రెండు కొసలూ కనీసం 6 అంగుళాలు గోడ మీద కూర్చునేలా పెట్టి, అది బాగా గట్టిపడ్డాకే కింద ఇటుకలు తియ్యాలి. పని అయ్యేదాకా దగ్గరుండి చూసుకోండి.

ఇంకోటి, సోమవారం పలాసలో ఒకళ్లింట్లో ఇలాగే గుమ్మం కొట్టడానికి ఆయన నా ముందే ఫోన్లో ఒప్పుకున్నాడు. ఆ ఇల్లు మీదైతే దయచేసి ఈ రాత్రికే వద్దని చెప్పేయండి.