సుప్రభాతం మోగించడానికి సిస్టమ్‌డి: ఆరేళ్ల తిప్పల తర్వాత

మెట్ల కింద పెట్టిన పాత డెస్క్‌టాప్‌లో లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఆరేళ్లయింది. మా ఇంట్లో దానికి రెండే పనులు. పొద్దున్న ఐదింటికి స్పీకర్లో సుప్రభాతం వినిపించాలి, ఫోన్లలోని ఫోటోలను బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయాలి. వేసవిలో రాత్రిపూట కరెంటు పోవడం మాకు మామూలే. మెషిన్ మూల సెట్టింగులుండే బయాస్‌లో ఒకటి మార్చాక, కరెంటు రాగానే మెషిన్ దానంతటదే ఆన్ అవుతోంది. ప్రోగ్రాములు కూడా వాటంతటవే మొదలవ్వాలి కదా, నా తిప్పలన్నీ అక్కడే. చివరికి వాటిని తీర్చింది సిస్టమ్‌డి, అంటే లైనక్స్ లేవగానే ప్రోగ్రాములను మొదలుపెట్టి చూసుకునే వ్యవస్థ.

మొదట మింట్‌లోని స్టార్టప్ అప్లికేషన్స్ వాడాను. పేరు, కమాండ్, ఎన్ని సెకన్లు ఆగాలో ఇస్తే చాలు. కానీ ఎవరైనా లాగిన్ అయితేనే అవి మొదలవుతాయి. తెల్లవారుజామున మెషిన్ లేచి పాస్‌వర్డ్ కోసం ఎదురుచూస్తూ కూర్చునేది, నాన్నగారు స్పీకర్ కోసం ఎదురుచూసేవారు. రోజూ మీరే లాగిన్ అయ్యే ల్యాప్‌టాప్ అయితే ఇదే హాయి, మిగతాదంతా మీకు అక్కర్లేదు.

తర్వాత క్రాన్, అంటే చెప్పిన వేళకు పనులు నడిపే ప్రోగ్రాం. దాని పనుల పట్టిక క్రాన్‌టాబ్‌లో ఎట్-రీబూట్ అని ఒక్క లైను రాస్తే లాగిన్ లేకుండానే స్క్రిప్టు నడుస్తుంది. ఏడాది పైగా బాగానే గడిచింది. ఒకరోజు లోపలి డిస్క్ నిండిపోయింది. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ కొడితే నూటికి నూరు అంటుంది, ఫోల్డర్ల సైజు లెక్కగట్టే డీయూతో వెతికితే అంత పెద్ద ఫైళ్లు ఎక్కడా లేవు. రెండు సాయంత్రాలు తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి బయటి డిస్క్‌ను అన్‌మౌంట్ చేసి, అంటే సిస్టమ్ నుంచి విడదీసి చూస్తే, మౌంట్ అయినప్పుడు అది కూర్చునే ఫోల్డర్లోనే ఫోటోలు గుట్టగా పడి ఉన్నాయి. డిస్క్ మౌంట్ అయ్యేలోపే స్క్రిప్టు లేచి, ఖాళీ ఫోల్డర్లోకి కాపీ మొదలుపెట్టింది. తర్వాత డిస్క్ వచ్చి దానిమీద కూర్చోవడంతో ఫైళ్లు మరుగున పడ్డాయి. తప్పు క్రాన్‌ది కాదు. దేని తర్వాత ఏది మొదలవ్వాలో చెప్పే వీలు అందులో లేదు.

ఆ దెబ్బతో సిస్టమ్‌డికి మారాను. 2015లో వచ్చిన డెబియన్ 8, ఉబుంటు 15.04ల నుంచి వాటిలో డిఫాల్ట్ ఇదే. మింట్ ఉబుంటు మీద కట్టిందే, అంటే అన్నాళ్లూ నా మెషిన్‌లోనే ఉంది, నేనే పట్టించుకోలేదు. సిస్టమ్‌డి ఇలా వెనకాల నడిపే పనిని సర్వీసు అంటారు. ఫోటోల సర్వీసుకి పది లైన్ల ఫైలు సరిపోయింది. అందులో రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అని రాసి డిస్క్ ఫోల్డర్ పేరిచ్చాను, అది రాకపోతే సర్వీసు మొదలే కాదు. పడిపోతే మళ్లీ లేపమని కూడా రాసుకోవచ్చు. ఇక్కడొక తిరకాసు ఉంది. విడిగా చెప్పకపోతే సెకనులో పదోవంతు ఆగి మళ్లీ లేపుతుంది, పది సెకన్లలో ఐదుసార్లు లేపినా నిలబడకపోతే చేతులెత్తేస్తుంది. కరెంటు వచ్చాక ఫోన్లను కలిపే రౌటర్ లేచేసరికే ఆ ఐదూ అయిపోయేవి. ఆగే సమయం 30 సెకన్లు చేశాక ఆ గొడవ వదిలింది.

సుప్రభాతం మాత్రం ఏడిపించింది. స్పీకర్‌కు శబ్దం పంపే సౌండ్ సర్వర్ యూజర్ ఖాతా కింద నడుస్తుంది కాబట్టి ఆ పనిని యూజర్ సర్వీసుగా పెట్టి, లాగిన్ లేకున్నా నడిచేలా లాగిన్‌సీటీఎల్ కమాండ్‌తో లింగర్ అనే సెట్టింగ్ ఎనేబుల్ చేశాను. స్టేటస్ చూస్తే అంతా పచ్చగా ఉంది, ప్లేయర్ నడుస్తోంది, స్పీకర్లో చప్పుడు లేదు. మెషిన్ ముందు లాగిన్ అయితే చాలు, మోగేది! సౌండ్ కార్డు తాళం లాగిన్ అయి కూర్చున్నవాళ్లకే ఇస్తారట. నా యూజర్‌ని సౌండ్ కార్డు వాడే హక్కున్న ఆడియో గ్రూపులో చేర్చి రీబూట్ చేశాక, లాగిన్ లేకుండానే పలికింది.

తప్పు జరిగితే, సిస్టమ్‌డి రాసుకున్న చిట్టా చూపించే జర్నల్‌సీటీఎల్‌లో కారణం దొరకడం నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. క్రాన్ రోజుల్లో అంతా ఊహే. సర్వీసు ఫైలు మార్చిన ప్రతిసారీ, దాన్ని మళ్లీ చదవమని చెప్పే డెమన్-రీలోడ్ కొట్టాలన్నది మాత్రం ఇప్పటికీ మర్చిపోతుంటాను, పాత సెట్టింగుతోనే కుస్తీ పడుతుంటాను.

ఐదింటికి మోగించే టైమర్‌లో పర్సిస్టెంట్ అనే లైను కూడా పెట్టాను. మెషిన్ ఆగి ఉండగా దాటిపోయిన పనిని, లేవగానే చేసేస్తుంది. ఒకసారి అర్ధరాత్రి పోయిన కరెంటు మర్నాడు మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. అందరం కునుకు తీస్తుంటే ఫుల్ సౌండ్‌లో "కౌసల్యా సుప్రజా" మొదలైంది. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి "ఇప్పుడు తెల్లారిందా మీకు?" అని అడిగారు. ఆ లైను తీసేశాను. నాన్నగారు మాత్రం "ఉంచాల్సిందిరా, అసలు వినకపోవడం కన్నా నయం కదా" అంటారు.