తలకోన ట్రిప్: జలపాతానికి ఐదు స్టార్లు, కారుకి రెండే
మొన్న ఆదివారం తిరుపతి నుంచి తలకోనకి బాడుగ కారు మాట్లాడుకుని పోయొచ్చినాం, ట్రావెల్స్ పేరు వద్దులే. పొద్దున 6కి రమ్మంటే 7:30కి వచ్చినాడు, ఫోన్ చేసినప్పుడల్లా "దార్లో ఉండానన్నా, ఐదు నిమిషాలు" అంటాడే గానీ కారు కనపడదు. ఏసీకని డబ్బులు ఎక్కువ తీసుకున్నారా, భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు ఆపేసినాడు, బండి లాగదంట! సరేలే అని అద్దాలు దించితే ఆ అడవి గాలికి ఏసీ ఎందుకబ్బా అనిపించింది, అది వేరే సంగతి.

జలపాతం మాత్రం సూపర్. 270 అడుగులు, మన రాష్ట్రంలో ఇదే ఎత్తైనది అంటారు. సిద్ధేశ్వరస్వామి గుడి దాటినాక రాళ్ల మీద నడిచి పోవాల, నాచుకి చెప్పులు జారతాయి, మా చిన్నోడు రెండుసార్లు పడినాడు. కింద నిలబడితే నీళ్లు నెత్తిమీద గులకరాళ్లు ఇసిరినట్టు పడతాయి, చలికి పళ్లు టకటకా కొట్టుకున్నాయి. పోయినేడు కర్ణాటకలో జోగ్ చూసినా, 253 మీటర్లు, గొప్పదే, కానీ దాన్ని ఎదురుగా నిలబడి దూరం నుంచి ఫోటో తీసుకోవడమే, ఇక్కడ మాదిరి తలొంచి తడిసే పని లేదు, నాకైతే ఇదే నచ్చింది. కోతులతో జాగ్రత్త, మా పులిహోర డబ్బా మూతతో సహా ఎత్తుకుపోయింది ఒకటి.

దిగేటప్పుడు వెయిటింగ్ ఛార్జి 300 ఇమ్మన్నారు, లేటు చేసింది వాళ్లే కదా, గట్టిగా అడిగితే వదిలేసినారు. ఎండాకాలం పోవద్దండి, నీళ్లు సన్నగా ఉంటాయి, వానలు పడినాక నవంబర్, డిసెంబర్‌లో పోండి, సొంత బండి ఉంటే అందులోనే.